రెండో కుర్చీ కింద పుస్తకం

"కాళ్ళక్కా, షట్టర్ సగం దించాను. టబ్బులయ్యాక తాళం నువ్వే వేసెయ్" అని ఐబ్రోస్ చేసే పిల్ల బ్యాగు భుజాన తగిలించుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ పెడుతూనే మెట్లు దిగిపోయింది. డ్యూటీ అయిపోయింది మరి. అందరికీ అయిపోయింది. కాళ్ళక్కకి మాత్రం టబ్బులు మిగిలాయి.

ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకి గుర్తులేదు. ఆ బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించేవాళ్ళున్నారు, ముఖాలు చేసేవాళ్ళున్నారు, గోళ్ళకి రంగులు వేసేవాళ్ళున్నారు. కాళ్ళు కడిగి, మడమలు గీకి, పిక్కలు పిసికేది మాత్రం ఆమె ఒక్కతే. అందుకని కాళ్ళక్క. మొదట్లో ఆ పిలుపు వింటే మనసు చివుక్కుమనేది. తర్వాత్తర్వాత పలకడం అలవాటైపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో మాత్రం ఎవరున్నారు గనక? అక్కడా "ఏమే", "ఇదిగో నిన్నే", "అమ్మా" తప్ప ఇంకో మాట లేదు.

మూడు పెడిక్యూర్ కుర్చీలు. ఒక్కో కుర్చీ కింద ఒక్కో టబ్బు. మోటారు వేస్తే టబ్బు గోడలోని చిన్న చిన్న కన్నాల్లోంచి నీళ్ళు బుసబుసా బుడగలు కక్కుతూ కాళ్ళ చుట్టూ తిరుగుతాయి. కస్టమర్లు "హమ్మయ్య" అని కళ్ళు మూసుకుంటారు. వాళ్ళ హమ్మయ్యలన్నీ అయ్యాక, సాయంత్రం ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు వదిలేసి, సబ్బు వేసి తోమి, బ్లీచింగ్ నీళ్ళు పోసి, పది నిమిషాలుంచి, కడిగి, పొడి గుడ్డతో తుడిచేది. మూడు టబ్బులకీ కలిపి ముప్పావు గంట. ఒకసారి ధైర్యం చేసుకుని, "మేడం, ఆ ముప్పావు గంట కూడా డ్యూటీలో వేస్తే..." అంది. పార్లర్ ఓనరు మేడం ఎంత ముద్దుగా నవ్విందని! "నీ ఇల్లు నువ్వు కడుక్కుంటే ఎవరైనా డ్యూటీ వేస్తారా అక్కా? ఇది నీ ఇల్లు కాదూ?" ఆ ఒక్క మాటకి వెర్రిది కరిగి నీరైపోయింది. ఇంట్లో కడిగినదానికి కూడా ఎవరూ డ్యూటీ వేయడం లేదన్న సంగతి, బస్సెక్కి కిటికీ పక్కన చోటు దొరికాక గానీ తట్టలేదు.

అయినా సరే, చెప్పొద్దూ, ఆ టబ్బులంటే ఆమెకి గర్వం. ఎవరొచ్చినా మేడం వాటినే చూపించేది. "మా టబ్బుల్లో అన్నం కలుపుకుని తినొచ్చండీ, మా అక్క అంత శుభ్రం" అనేది. జీవితంలో ఆమెకి దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. దాన్ని తలుచుకుని తలుచుకుని ఇంకో రెండు రుద్దులు ఎక్కువ రుద్దేది. ఆ బ్లీచింగ్‌లో నాని నాని వేళ్ళ చివర్లు అరిగిపోయాయి. గుమ్మం దగ్గర హాజరు మిషన్ మీద బొటనవేలు పెడితే "మళ్ళీ ప్రయత్నించండి" అనేది. నాలుగుసార్లు ప్రయత్నించేసరికి అయిదు నిమిషాలు లేటు పడేది. అందరికన్నా ముందొచ్చే మనిషి, మిషన్ లెక్కలో రోజూ లేటే.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారు. ఆవిడ మంచం హాల్లోనే, గుమ్మానికెదురుగా. కోడలి ముఖం కూడా చూడకుండా మొదట అనే మాట ఒకటే: "చేతులు కడుక్కున్నావా?"

పార్లర్‌లో కడుక్కుంది. అయినా మళ్ళీ కడుక్కుని చూపించాలి. "ఊళ్ళోవాళ్ళ మడమల మురికంతా మోసుకొచ్చి నా టీ గ్లాసు ముట్టుకుంటావు. నాకు అదోలా ఉంటుందమ్మా, ఏమనుకోకు" అనేది ఆవిడ. ఏమనుకోకు అన్నాక ఇంకేమనుకుంటుంది? అదే అత్తగారు సెలవురోజు మధ్యాహ్నం స్టూలు మీద రెండు కాళ్ళూ చాపి, "నీకు చేతనైన విద్యే కదా, ఈ పగుళ్ళు కాస్త చూద్దూ" అని పిలిచేది. అప్పుడు మాత్రం చేతుల సంగతి ఆవిడకి గుర్తుకొచ్చేది కాదు. ఇక భర్త. ఆఫీసులో ఎవరైనా అడిగితే "మా ఆవిడ బ్యూటీ లైన్లో ఉంది" అని చెప్పుకునేవాడు. కాళ్ళు అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. పక్కన కూర్చోబోతే, "కాస్త అవతలికి జరుగు, ఆసుపత్రి వాసనేస్తున్నావు" అనేవాడు. ఆ వాసన లోంచే గ్యాసు బండ వస్తుంది, కరెంటు వెలుగుతుంది, ఆయన షర్టు ఇస్త్రీ అవుతుంది. అయినా జరిగేది.

ఆ ఇంట్లో ఆమె వైపు మాట్లాడే మనిషి ఒకే ఒక్కర్తి ఉంది. కూతురు బుజ్జి. పంతొమ్మిదేళ్ళొచ్చినా ఇంకా బుజ్జే. ఒకసారి నానమ్మ మామూలుగా చేతుల పాట మొదలెట్టగానే, చదువుతున్న పుస్తకం మూసి, "నానమ్మా, ఈ ఇంట్లో అందరికంటే శుభ్రమైన చేతులు మా అమ్మవి. రోజూ బ్లీచింగ్‌లో నానతాయి. పొద్దున్నించీ టీవీ రిమోట్ పట్టుకున్నావు, ముందు నువ్వు కడుక్కో" అంది. వంటింట్లో కాళ్ళక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వుతో ఆమె నాలుగు నెలలు బతికింది.

ఆ బుజ్జికి పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. మొదటి ఇంటర్వ్యూ అయింది. రెండోదానికి యూనిఫాం వేసుకుని రమ్మన్నారు. మోకాళ్ళ దాకా స్కర్టు. "కాళ్ళు కనిపిస్తాయమ్మా, సిగ్గుగా ఉంది, ఏదైనా చెయ్యి" అంది బుజ్జి. కాళ్ళ గురించి ఆమెను కాక ఇంకెవర్ని అడుగుతుంది? పార్లర్ సెలవురోజున మేడం తాళాలిచ్చింది. "నీ కూతురంటే నా కూతురు కాదూ? తీసుకురా" అంది. ముందు రోజు సాయంత్రం ఇంట్లో తనే కొత్త రేజరుతో బుజ్జి కాళ్ళు నున్నగా గీసింది. మర్నాడు రెండో కుర్చీలో కూర్చోబెట్టింది. మూడింట్లో మెత్తటి కుర్చీ అదే.

"అమ్మా, నువ్వు నా కాళ్ళు కడగడమేంటి, ఛీ, లే" అని బుజ్జి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఊరుకోవే, ఈ గంటా నువ్వు నా కస్టమర్‌వి. టీ తాగుతారా మేడం?"

"తాగుతాను. చక్కెర తక్కువ. ఆ బుడగలు ఇంకొంచెం గట్టిగా పెట్టండి" అని బుజ్జి బుగ్గలు బిగించి పెద్దమనిషిలా అంది. ఇద్దరికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఆ పాదాలు గుప్పిట్లో పట్టినన్నాళ్ళు పట్టాయి. ఇప్పుడు తన అరచేయి దాటి ఇంత పొడుగు. పిక్కల మీద నీళ్ళు పోస్తుంటే కాళ్ళక్కకి ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళుగా ఎంతమంది కాళ్ళు కడిగిందో, ఇష్టంగా కడిగినవి ఇవే. ముప్పావు గంట నీళ్ళలో నాననిచ్చింది. అందరికీ ఇరవై నిమిషాలే. బుజ్జికని ముప్పావు గంట. ఈ సంగతి తర్వాత ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పడం నా వల్ల కాదు.

ఉద్యోగం వచ్చింది. నెల తర్వాత చేరమన్నారు. రెండు వారాలకి బుజ్జి మోకాలి కింద నాలుగు ఎర్ర చుక్కలు లేచాయి. దోమలనుకున్నారు. నాలుగు పది అయ్యాయి. పది ఉబ్బి, ఊదారంగుకి తిరిగి, సెగ్గడ్డల్లా పగిలి చీము కారడం మొదలైంది. మందులషాపు వాడిచ్చిన ఆయింట్‌మెంటు పనిచెయ్యలేదు. వీధి చివరి డాక్టరు అయిదు రోజులకి బిళ్ళలు రాశాడు, అవీ పనిచెయ్యలేదు. ఒకటి మానుతున్నట్టే ఉండి పక్కన రెండు లేచేవి. హోటల్ వాళ్ళు ఫోన్లో మర్యాదగా, "తగ్గాక రండమ్మా" అన్నారు. పది రోజులాగి ఇంకా మర్యాదగా, ఆ చోటు నిండిపోయిందన్నారు.

"నీ పనే ఇంటికి పట్టుకొచ్చావు" అన్నాడు భర్త, చెప్పులు వేసుకుంటూ. ఆసుపత్రికి కాదు, ఆఫీసుకి. ఆసుపత్రికి ఎప్పుడూ తల్లీకూతుళ్ళే.

అప్పటికే పార్లర్‌కి ఫోన్లు మొదలయ్యాయి. ఒక స్కూలు టీచరు, ఒక బ్యాంకు ఉద్యోగిని, పెళ్ళి కుదిరిన ఒకమ్మాయి. అందరివీ కాళ్ళే, అందరికీ మోకాలి కిందే. మేడం ఫోన్లో, "ఇంట్లో షేవింగ్ చేసుకుని వచ్చారా? అదేనండీ మరి! అది మీ రేజరు వల్లే" అని చెప్పి పెట్టేసేది. పెట్టేశాక కాళ్ళక్క వంక చూసి, "నువ్వు చేతులు సరిగ్గా కడుక్కుంటున్నావా అక్కా?" అంది ఒకరోజు. ఆ మాట ఇంట్లోంచి ఇక్కడి దాకా నడిచొచ్చిందా అనిపించింది ఆమెకి. వెళ్ళి కడుక్కుంది.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ బుజ్జి గడ్డలోంచి చీము తీసి పరీక్షకి పంపింది. ఆ జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. "ఇది నీళ్ళలో ఉండే రకం బాక్టీరియా. చర్మం మీద రేజరు గీతలుంటే వాటిలోంచి దూరుతుంది. మామూలు మందులకి లొంగదు. ఆరు నెలలు రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడాలి. మధ్యలో ఆపితే మళ్ళీ వస్తుంది, అప్పుడు ఈ మందుక్కూడా లొంగదు. ఆ మాట బాగా గుర్తు పెట్టుకోండి" అంది. మచ్చలు పోతాయా అని బుజ్జి అడిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కొన్ని ఉండిపోతాయమ్మా" అంది. ఎక్కడైనా నీళ్ళలో కాళ్ళు పెట్టావా అని అడిగితే, "మా అమ్మ పార్లర్‌లో ఒక్కసారి. కానీ అక్కడినించి వచ్చే ఛాన్సే లేదు డాక్టర్. మా అమ్మ అంత శుభ్రంగా ఎవరూ కడగలేరు" అంది బుజ్జి.

ఆ వారంలోనే ఆరోగ్యశాఖ నించి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చేతికి గ్లవుజులు, చంకలో ఫైలు. మూడు టబ్బులూ చుట్టూ తిరిగి చూసి, "బాగా కడుగుతున్నారే" అంది. కాళ్ళక్క ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆవిడ టబ్బు పక్క గోడలో ఉన్న తెల్లటి గుండ్రటి మూత చూపించి, "దీన్ని ఆఖరిసారి ఎప్పుడు తీశారు?" అని అడిగింది.

"ఏ మూతండీ?"

ఆ మూత ఆమెకి తెలియక కాదు. రోజూ తోముతుంది, మెరుస్తుంది. అది గోడలో భాగమనుకుంది, తీసేదనుకోలేదు. నాలుగేళ్ళు దాని మీదనించే గుడ్డ తిప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, రెండు మరలు విప్పి, మూత లాగింది. వెనకాల జాలీ ఉంది. ఆ జాలీకి అంటుకుని, పట్టి లాగితే ఊడొచ్చేంత పెద్ద ముద్ద. వెంట్రుకలు, గీకిన చర్మం, సబ్బు జిడ్డు, అన్నీ కలిసి నల్లగా, జారుడుగా. ఆ వాసనకి ఐబ్రోస్ పిల్ల ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. బుడగల నీళ్ళన్నీ ఆ ముద్దలోంచే పీల్చుకుని, ఆ ముద్దలోంచే చిమ్ముతున్నాయి. నాలుగేళ్ళుగా. ముప్పావు గంట సేపు, బుజ్జి కాళ్ళ మీదికి కూడా.

పైపు చూడ్డానికి ఇన్‌స్పెక్టరమ్మ రెండో కుర్చీ పక్కకి లాగించింది. కుర్చీ కోడు కిందనించి మడిచిన పుస్తకమొకటి బయటపడింది. నాలుగు మడతలు, నీళ్ళ మరకలు. కాళ్ళక్క విప్పి చూసింది. తెలియని భాషలు నాలుగైదు, కానీ బొమ్మలకి భాషెందుకు? స్క్రూడ్రైవర్ బొమ్మ, మూత బొమ్మ, జాలీ మీద కుళాయి నీళ్ళు పడుతున్న బొమ్మ, పక్కన క్యాలెండర్ బొమ్మలో ప్రతి గడీ మీదా టిక్కు. రోజూ కడగమని.

ఆమెకి ఆ రోజు కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. మూతపడిన ఇంకో పార్లర్ నించి మేడం ఈ కుర్చీలు కొని తెచ్చిన రోజు. రెండోది ఊగుతోంది. మేడం పెట్టె అడుగున చెయ్యి పెట్టి, ఈ పుస్తకం తీసి, "ఇది మడిచి కోడు కింద పెట్టక్కా, సరిపోతుంది" అంది. ఆమె మడిచింది, పెట్టింది. కుర్చీ కదలకుండా నిలబడింది. తన తెలివికి తనే మురిసింది కూడా. ఒక్కసారి, మడవకముందు ఒక్కసారి, తెరిచి చూసి ఉంటే? ఇంటికొచ్చిన ప్రతి కాగితాన్నీ భర్తే చదవాలని, పార్లర్‌కొచ్చిన ప్రతి కాగితాన్నీ మేడమే చదవాలని ఎవరు చెప్పారు తనకి? ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్పారు.

"చూశారుగా, పుస్తకం మొదటిరోజే ఆమె చేతికిచ్చాను" అంది మేడం ఇన్‌స్పెక్టరమ్మతో. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఒళ్ళు మండించే సంగతి.

పార్లర్‌కి సీలు వేశారు. ఆ సాయంత్రం బుజ్జి అంతా విని మంచం మీద లేచి కూర్చుంది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకు చెప్పారా, ఆ మూత తియ్యాలని?"

"లేదే తల్లీ. ఒట్టు."

"నాకు తెలుసు. నువ్వేం భయపడకు. నేనొచ్చి ఆరోగ్యశాఖ ఆఫీసులో చెప్తాను. ఈ కాళ్ళు చూపించి చెప్తాను. ఆవిడ మందులిప్పిస్తోందని నాన్న అన్నాడు, నిజమేనా? ఆవిడ మందులు నాకొద్దు. చచ్చినా వేసుకోను." బుజ్జి అన్నదంటే అన్నదే. చిన్నప్పుడు చెయ్యని తప్పుకి తిట్టారని రెండు రోజులు అన్నం ముట్టని పిల్ల. ఆ పంతం తల్లి దగ్గర లేదు, తండ్రి దగ్గరా లేదు, ఎక్కడినించి వచ్చిందో మరి.

మందులు మాత్రం నిజంగా మేడమే ఇప్పిస్తోంది. ఆసుపత్రిలో దొరికే రకం కాదు, బయట కొనేంత స్తోమత వీళ్ళకి లేదు. మేడం మొదటి నెలవి తెచ్చిచ్చింది. అవి ఆసుపత్రివేనని చెప్పి కాళ్ళక్క బుజ్జి చేత వేయించింది. రెండో నెల మందులు సంచీలో పెట్టుకుని ఒక మధ్యాహ్నం ఇంటికే వచ్చింది. లోపల గదిలో బుజ్జి బిళ్ళల మత్తులో నిద్రపోతోంది. భర్త సెలవు పెట్టుకుని మరీ ఉన్నాడు. అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట. అత్తగారు మంచం మీద సర్దుకుని కూర్చుని, "మేడంగారికి టీ పెట్టు" అంది. చేతుల ఊసెత్తలేదు.

మేడం కాగితం బల్ల మీద పెట్టింది. టైపు చేసి ఉంది. మూత తీసి జాలీ రోజూ కడగమని నాకు చెప్పారు. పుస్తకం కూడా ఇచ్చారు. నేను బద్ధకించి కడగలేదు. తప్పు నాదే.

"అక్కా, నా మాట విను" అంది మేడం. గొంతు నిజంగానే వణికింది. "పనిమనిషి పొరపాటని తేలితే నెలలో షాపు తెరుస్తారు. ఓనరు తప్పంటే లైసెన్సే పోతుంది. ఆరుగురు ఆడపిల్లలు రోడ్డున పడతారు. నీ మీద కేసులుండవు, వకీలుని అడిగాను. మహా అయితే ఇంకెక్కడా పెడిక్యూర్ పని చెయ్యొద్దంటారు. బుజ్జి మందులు ఆరు నెలలూ నావి. నోటిమాట కాదు, షాపు తెరిస్తేనే కదా ఇవ్వగలను?"

"సంతకం పెట్టెయ్" అన్నాడు భర్త. "ఒక్క సంతకమేగా. నీ పేరు పేపర్లో వేస్తారా, బోర్డు మీద రాస్తారా? నీకున్న పరువేంటి పోవడానికి?"

"ఒకందుకు మంచిదేలే, ఆ కాళ్ళ ఉద్యోగం పీడా విరగడవుతుంది" అంది అత్తగారు, టీ ఊదుకుంటూ.

కాళ్ళక్క కాగితం వంక చూస్తూ కూర్చుంది. సర్టిఫికెట్టు ఒక్కటే కదా తనకున్నది, మా అక్క అంత శుభ్రం అని. దాన్నే వెనక్కి ఇచ్చెయ్యమంటున్నారు. ఇచ్చెయ్యనూ వచ్చు, ఎవడిక్కావాలి. లోకం తనని బద్ధకస్తురాలనుకుంటే అనుకోనీ. వీళ్ళ ముగ్గురూ ఎప్పుడూ అదే అనుకున్నారు. ఒక్కర్తే అలా అనుకోలేదు. ఆ ఒక్కర్తీ లోపల నిద్రపోతోంది. మధ్యలో ఆపితే ఈ మందుక్కూడా లొంగదు అన్న డాక్టరమ్మ మాట చెవిలో గింగురుమంటోంది.

ఇక్కడ నాకు కోపమొస్తుంది. ఇది విన్నవాళ్ళు "తల్లి త్యాగం" అని కళ్ళొత్తుకుంటారు. త్యాగమంటే రెండు దారులుండి ఒకటి వదులుకోవడం. ఆమె ముందు ఉన్నది ఒక్కటే దారి, ఆ దారికి అటూ ఇటూ ముగ్గురు కాపలా. దాన్ని త్యాగమంటే ఆ ముగ్గురికీ బాగుంటుంది.

"బుజ్జికి తెలియకూడదు" అంది చివరికి. "మందులు మీరిచ్చారని తెలిస్తే వేసుకోదు."

"నా ఆఫీసు వాళ్ళు ఇప్పిస్తున్నారని చెప్తాలే" అన్నాడు భర్త, వెంటనే. ముందే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు.

ఆమె సంతకం పెట్టింది. పక్కన వేలిముద్ర కూడా కావాలంది మేడం. బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. గీతల్లేని నల్లటి మచ్చ పడింది. "మళ్ళీ ఇంకోసారి వెయ్యక్కా" అంది మేడం. మళ్ళీ మచ్చే పడింది.

ఆ సాయంత్రం బుజ్జి నిద్రలేచి మందుల సంచీ చూసి, ఇవి ఎక్కడివంది. ఆఫీసు వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి సాధించానన్నాడు తండ్రి. బుజ్జి కుంటుకుంటూ వెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "థాంక్స్ నాన్నా, నువ్వింత పట్టించుకుంటావనుకోలేదు" అంది. ఆయన బుజ్జి తల నిమిరాడు. నిమురుతూ భార్య వంక చూడలేదు. ఆమె వంటింట్లో కూర కలుపుతూ ఆ గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినకూడదని చూసింది.

నెలన్నర గడిచింది. మూడు గడ్డలు మానాయి. మానినచోట ఊదారంగు గుంటలు. పార్లర్ తెరిచారని ఐబ్రోస్ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. కుర్చీల దగ్గరికి కొత్తమ్మాయిని పెట్టారట. "ఆ అమ్మాయిని కూడా కాళ్ళక్కా అనే పిలుస్తున్నాం, నోటికి అలవాటైపోయింది" అని నవ్వి, గబుక్కున ఆగిపోయింది. కాళ్ళక్క అడిగింది ఒక్కటే. మూత తీస్తున్నారా అని. "మొదటి వారం తీశారక్కా. ఇప్పుడు టైమెక్కడిది?" అంది ఆ పిల్ల.

ఆమెకిప్పుడు ఇల్లే డ్యూటీ. పొద్దున అత్తగారి పని, మధ్యాహ్నం బుజ్జి కట్లు. ఆ కట్లు మార్చే గంటే ఆమె రోజు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పళ్ళెంలో దూది, గాజుగుడ్డ, కత్తెర సర్దుకుని బుజ్జి కాలు తన ఒళ్ళో పెట్టుకునేది. పాత కట్టు తడిపి తడిపి నొప్పి తెలియకుండా ఊడదీసేది. బుజ్జి అన్నీ చెప్పేది అప్పుడే, కోపాలూ, కలలూ, ఆ హోటల్ వాళ్ళ మీద తిట్లూ. "నీ చెయ్యి పడితే నొప్పుండదమ్మా, ఆసుపత్రిలో నర్సులు చంపేస్తారు" అనేది. అంతటి ఇంట్లో ఆమెకి మిగిలింది ఆ ఒళ్ళో కాలే.

ఆ రోజు పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి బుజ్జి చేతిలో కవరుంది. ఆరోగ్యశాఖ ముద్ర. ఆమె పెరట్లో ఉండగా పోస్టువాడొచ్చాడు, ఇంట్లో మెలకువగా ఉన్నది బుజ్జే. తల్లి పేరు చూసి, మంచి కబురేమో అని ఆశగా చింపింది కాబోలు. ఒళ్ళో ఆ టైపు కాగితం నకలు, దాని చివర సంతకం, రెండు నల్లటి మచ్చలు.

కాళ్ళక్క మామూలుగా కూర్చుంది. మామూలుగా కాలు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా." బుజ్జి గొంతు చిన్నదైపోయింది. "ఇది బలవంతంగా రాయించారు కదూ? ఆవిడ బెదిరించింది కదూ? నాకు చెప్పు. ఇప్పుడే ఆటో పిలుస్తాను, ఇద్దరం ఆ ఆఫీసుకి వెళ్దాం. చెప్పమ్మా, ఇది అబద్ధం కదూ?"

చెప్పాలని నోరు తెరిచింది. అబద్ధమే తల్లీ, నన్ను నమ్ము తల్లీ అని గొంతు దాకా వచ్చింది. ఎదురుగా అలమారలో మందుల సంచీ కనిపిస్తోంది. ఆరు నెలల్లో ఇంకా మూడున్నర మిగిలున్నాయి. అబద్ధమని చెప్తే మరెందుకు సంతకం పెట్టావంటుంది, ఆ మందులెవరివో తేలిపోతుంది, ఈ పిల్ల ఇప్పుడే లేస్తుంది. లేచిందంటే ఆగదు. ఆ సంచీ గిరాటేసి మరీ వెళ్తుంది.

"నిజమే" అంది.

"ఏంటి నిజం?"

"చెప్పారు, మూత తీసి కడగమని. రోజూ అంత పనయ్యాక ఎవరు తీస్తారని వదిలేశాను. బద్ధకమేసింది."

ఒట్టు అన్నావు కదా అని బుజ్జి అడగలేదు. ముప్పావు గంట నాననిచ్చావు కదా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కాలు తల్లి ఒళ్ళోంచి మెల్లగా, నొప్పి పుట్టకుండా, వెనక్కి తీసుకుంది. పళ్ళెం తన వైపుకి లాక్కుంది. కాళ్ళక్క అలవాటుగా గాజుగుడ్డ అందించబోయింది.

"చేతులు కడుక్కున్నావా?" అంది బుజ్జి.

కడుక్కునే ఉంది. అయినా లేచి వెళ్ళి, మళ్ళీ కడుక్కుంది.